ఇంట్లో వెలిగిన ఇగ్నైటర్ మైదానంలో ఎందుకు మొరాయిస్తుంది?

రాయగడ నుంచి మీరు అడిగింది చదివాను. బాల్సా అనే తేలిక చెక్కతో చేసిన గ్లైడరుకి చిన్న రాకెట్ మోటారు కట్టి ఎగరేస్తున్నారు. ఆ మోటారుని అంటించే ఇగ్నైటర్ ఇంట్లో బల్ల మీద ప్రతిసారీ వెలుగుతోంది, మైదానంలో మాత్రం ఐదింట్లో రెండు మొరాయిస్తున్నాయి. కొనకి ఇంకాస్త ఘాటైన మందు పూస్తే సరిపోతుందా అన్నది మీ ప్రశ్న.

ముందే చెప్తున్నాను, మందు జోలికి వెళ్లకండి. అగ్గిపుల్లల తలలు గీకి, టపాకాయలు విప్పి పూసే వాళ్లని చూశాను. క్లోరేటు, గంధకం కలిసిన మిశ్రమం కాస్త రాపిడికే అంటుకుంటుంది, మన దేశంలో అది నిషేధం కూడా. అదంతా పక్కన పెట్టినా, ఇంట్లో ప్రతిసారీ వెలుగుతోందని మీరే అంటున్నారు కదా, ఇక లోపం మందులో ఎలా ఉంటుంది?

నేను పర్లాకిమిడిలో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో చాలా ఏళ్లు పని చేశాను. పిల్లల క్లబ్బు ఒకటి ఉండేది, సగం మంది తెలుగు, సగం మంది ఒడియా. మోటార్లు, వాటితో వచ్చే ఇగ్నైటర్లు కాలేజీ అనుమతితో తెప్పించేవారు. ఒక డిసెంబరులో వార్షికోత్సవానికి గ్లైడర్లు ఎగరేద్దామన్నారు. ముఖ్య అతిథి ఎండలో నిలబడ్డారు, పిల్లలు ఒడియాలో వెనక్కి లెక్కపెట్టారు, బటన్ నొక్కారు. ఏమీ లేదు. మళ్లీ నొక్కారు. అప్పుడూ లేదు. ఒక గుంటడు ఏమైందో చూద్దామని గ్లైడరు దగ్గరికి పరుగు తీశాడు. నేను అరిచిన అరుపుకి ముఖ్య అతిథి కూడా ఉలిక్కిపడ్డారు.

బటన్ ఉండే పెట్టె, అంటే కంట్రోలర్, తాళంచెవి తీసి జేబులో వేసుకుని, ఒక నిమిషం ఆగి, మీటరు పట్టుకుని వెళ్లాను. ఇగ్నైటర్ బాగానే ఉంది. బ్యాటరీ చూస్తే 9.2 వోల్టులు చూపించింది, అదీ బాగానే ఉంది. ఆ రోజు కార్యక్రమం పాటలతో సరిపెట్టారు.

ఆ సాయంత్రం ల్యాబులో కూర్చుని అదే బ్యాటరీకి మోటారు సైకిల్ ఇండికేటర్ బల్బు తగిలించి చూశాను. 12 వోల్టులు, 21 వాట్ల బల్బు. ఫిలమెంటు కుంపట్లో ఆరిపోబోయే బొగ్గులా ఎర్రగా మారి ఆగిపోయింది. మీటరు 4 వోల్టుల దగ్గరికి పడిపోయింది. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు, ఏ పనీ లేనప్పుడు తొమ్మిది చూపించే బ్యాటరీ పని పడేసరికి చేతులెత్తేసింది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఇగ్నైటర్ లోపల ఉండేది సన్నని నిరోధక తీగ ముక్క. దాన్ని ఎర్రబరిచేది కరెంటు, అంటే ఆంపియర్లు. చిన్న మోటార్లతో వచ్చే ఇగ్నైటర్ నిరోధం సుమారు ఒక ఓం ఉంటుంది, దానికి దాదాపు 2 ఆంపియర్లు కావాలి. రిమోట్లలో, బొమ్మల్లో వేసే చదరపు 9 వోల్టుల బ్యాటరీ, అందులోనూ చవక జింక్ కార్బన్ రకం, తన లోపలి నిరోధంలోనే చాలా భాగం మింగేస్తుంది. అదే యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ అయితే లోపలి నిరోధం ఓంలో వందో వంతుల్లోనే ఉంటుంది. పాతదే దొరికినా పర్వాలేదు, ఆ ఇండికేటర్ బల్బు ఒక నిమిషం పాటు తెల్లగా వెలిగిస్తే చాలు.

ఇక తీగ. మీరు పది మీటర్ల దూరంలో నిలబడితే కరెంటు పోవడానికి పది, రావడానికి పది. అరచదరపు మిల్లీమీటరు రాగి తీగ ఇరవై మీటర్లు అంటే సుమారు 0.7 ఓం, అంటే ఇగ్నైటర్‌కి రావాల్సిన వేడిలో పెద్ద వాటా తీగకే పోతోంది. ఇంటి వైరింగ్‌కి వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే అది పావు ఓం లోపు దిగుతుంది. బల్ల మీద మీ తీగ జానెడు కదా, అందుకే అక్కడ ఈ గొడవ కనిపించలేదు.

లావు తీగ మోయడం బరువు అనుకుంటే ఇంకో దారి ఉంది, తర్వాత మేమూ అదే చేశాం. బ్యాటరీని లాంచర్ దగ్గరే పెట్టి, ఆటో హార్న్ రిలే ఒకటి బిగించాం. బటన్ దగ్గర్నుంచి వచ్చే సన్న తీగ రిలేని మాత్రమే లాగుతుంది, అసలు కరెంటు రెండడుగుల లావు తీగలో పోతుంది. ఒక్క జాగ్రత్త. రిలే పాయింట్లు అతుక్కుపోయే ప్రమాదం ఉంది. అందుకని ఇగ్నైటర్ తగిలించే ముందు ప్రతిసారీ దాని కాళ్లని పట్టుకునే రెండు క్లిప్పులు ఒకదానికొకటి తాకించి చూడాలి. నిప్పురవ్వ వస్తే ఎక్కడో కరెంటు వదిలేసి ఉన్నట్టు.

క్లిప్పుల సంగతి చెప్తే నవ్వుతారు. మోటారు ఒకసారి కాలితే ఆ మసి అంతా క్లిప్పు పళ్లకే పడుతుంది. రెండోసారి చూస్తే పట్టుకున్నట్టే ఉంటుంది కానీ కరెంటు పోదు. మా క్లబ్బులో శాండ్ పేపర్ ముక్క ఒకటి దారంతో కంట్రోలర్‌కే కట్టేశాం, లేకపోతే ఎవడో పట్టుకుపోతాడు. ఇగ్నైటర్ కాళ్లు కూడా ఒకసారి గీకండి. మన వైపు వానాకాలం తేమకి రాగి నల్లబడిపోతుంది.

ఇంకో తిప్పలు కూడా ఉంది, మీ ప్రశ్నలో ఐదింట్లో రెండు అనగానే నాకు ముందు తట్టింది అదే. ఇగ్నైటర్‌ని మోటారు నోట్లో గుచ్చి బిగిస్తాం. క్లిప్పుల బరువు, తీగ బరువు కలిసి ఇగ్నైటర్‌ని మెల్లగా వెనక్కి లాగేస్తాయి. కొన లోపల ఇంధనాన్ని తాకి ఉండాలి. ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగినా ఇగ్నైటర్ తుస్సుమని వెలిగి ఆరిపోతుంది, మోటారు అలాగే ఉంటుంది. మీ మొరాయింపుల్లో ఇగ్నైటర్ కొన కాలిపోయి ఉంటే లోపం ఇది. కొన చెక్కుచెదరకుండా ఉంటే మాత్రం కరెంటు చేరలేదు, పైన చెప్పింది చూసుకోండి. మేము లాంచర్ పక్కన వెదురు పుల్ల ఒకటి గుచ్చి, క్లిప్పులు దానికి టేపుతో అతికించి, బరువంతా పుల్ల మీద పడేలా చేసేవాళ్లం. ఇగ్నైటర్ రెండు కాళ్లు మోటారు నోటి దగ్గర ఒకదానికొకటి తగలకుండా మధ్యలో చిన్న కాగితం ముక్క.

ఇగ్నైటర్లని మోటారులో పెట్టక ముందే మీటరుతో కొలవండి. ముందు మీటరు పుల్లలు రెండూ తాకించి ఎంత చూపిస్తుందో రాసుకుని అది తీసేయండి, చవక మీటర్లలో అదే 0.3 ఓం దాకా ఉంటుంది. ఒకే పెట్టెలోవి దాదాపు ఒకేలా ఉండాలి, తేడాగా ఉన్నదాన్ని పక్కన పడేయండి. బల్బు పెట్టి మాత్రం పరీక్షించకండి, ఆ కరెంటుకే వెలిగిపోవచ్చు. మోటారులో పెట్టాక కనెక్షన్ కలిసిందో లేదో చూడడానికి కంట్రోలర్‌లో చిన్న ఎల్‌ఈడీ, దానికి తగ్గ రెసిస్టర్ చాలు.

దూరం చిన్న మోటార్లకి కనీసం 15 అడుగులు, మోటారు బలాన్ని చెప్పే అక్షరాల్లో డి రకం దాటితే 30. వెలగకపోతే ఒక నిమిషం ఎవరూ కదలకూడదు. తాళంచెవి ఎప్పుడూ ఇగ్నైటర్ తగిలించేవాడి జేబులోనే. కోతలయ్యాక చేలు ఖాళీగా ఉన్నాయి కదా అని అక్కడికి వెళ్లకండి, ఎండుగడ్డికి అంటుకుందంటే ఊరంతా మీ మీదికొస్తుంది. మేము ఒకసారి తడి గోనెసంచులతో బతికిపోయాం.

ముందు ఆ ఇండికేటర్ బల్బు పరీక్ష చేసి, వోల్టులు ఎంతకి పడ్డాయో, మీ తీగ మందం ఎంతో, వెలగని రెండింటి కొనలు కాలాయో లేదో రాయండి. ఆ మూడూ తెలిస్తే మిగతాది చెప్తాను.