కోళ్లను పోగొట్టుకున్నవాడిగా, నక్కల వేట గురించి

నక్కలు కోళ్లను, గొర్రెపిల్లలను పొట్టన పెట్టుకుంటుంటే, ఇంగ్లండులో వాటిని కుక్కలతో వేటాడడాన్ని నిషేధించడం రైతుకు అన్యాయం కాదా అని మీరు అడిగారు. లెస్టర్‌షైర్‌లో ఒక పల్లె చివర పన్నెండేళ్లుగా కాపురముంటున్నాను; నక్క చేతిలో నష్టపోయినవాణ్ణి కూడా.

ఒక ఫిబ్రవరి రాత్రి కోళ్ల గూటికి గడియ పెట్టడం మరిచిపోయాను. తెల్లవారి చూస్తే మంచు పట్టిన గడ్డి మీద ఈకలు, మెడలు కొరికేసిన అయిదు కోళ్లు పడి ఉన్నాయి. నక్క ఎత్తుకుపోయింది ఆరోదాన్ని ఒక్కదాన్నే. ఆ పూట చేతిలో తుపాకీ ఉంటే నేనూ కాల్చేవాణ్ణేమో. కాబట్టి గొర్రెలు ఈనే కాలంలో మంద దగ్గర కాపు కాసి నక్కను కాల్చే రైతును నేను తప్పుపట్టను.

కానీ గుర్రాల మీద మనుషులు, ముందు ముప్పై నలభై వేటకుక్కలు, మైళ్ల కొద్దీ తరుముడు, ఇది బెడద తొలగించే పని అంటే మాత్రం ఒప్పుకోలేను. మా పక్క పొలం పెద్దాయన ఒకసారి తన తోపులో ముళ్లపొదలు తొలగించి, ఇటుకలతో కట్టిన ఒక చిన్న సొరంగం చూపించాడు. నక్కలు అక్కడే కాపురం పెట్టి పిల్లల్ని కనాలని, వేటకు కరువు రాకుండా ఉండాలని పూర్వం వేటబృందం వాళ్లే కట్టించిన బొరియ అది. అలాంటివి ఈ దేశంలో చాలాచోట్ల ఉన్నాయి. పందికొక్కుల బెడద ఉన్న ఏ రైతయినా వాటికి ఇల్లు కట్టించి పెడతాడా? ఆస్ట్రేలియాలో నక్కలు పెద్ద పీడగా మారడానికి మూలం కూడా 19వ శతాబ్దంలో వేట సరదా కోసం వాటిని ఓడల్లో తీసుకుపోయి వదలడమే.

2001లో గాలికుంటు వ్యాధి వచ్చినప్పుడు బ్రిటన్‌లో ఈ వేట దాదాపు పది నెలలు ఆగిపోయింది. ఆ వ్యవధికి ముందు, తరువాత పరిశోధకులు లెక్క చూస్తే నక్కల సంఖ్య పెరిగిన జాడ కనబడలేదు. ప్రభుత్వం నియమించిన బర్న్స్ విచారణ కూడా అంతకు ముందు ఏడాదే, తరిమి చంపడం నక్క క్షేమాన్ని తీవ్రంగా దెబ్బతీస్తుందని తేల్చింది. 2004లో చేసిన నిషేధ చట్టం 2005 ఫిబ్రవరి 18న ఇంగ్లండు, వేల్స్‌లలో అమల్లోకి వచ్చింది. పశువులను కాపాడుకోవడానికి, నిర్ణీత షరతులకు లోబడి, రెండు కుక్కల వరకు ఉపయోగించి నక్కను బయటికి రప్పించి కాల్చే వీలు ఆ చట్టంలోనే ఉంది. కాబట్టి రైతు చేతులు కట్టేశారన్న మాట సరికాదు.

వేటను సమర్థించేవారి వాదనల్లో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది ఒకటే: గురి తప్పిన తూటా తగిలిన నక్క రోజుల తరబడి నరకయాతన పడి చస్తుంది. అది నిజం. అయితే దానికి విరుగుడు గురి బాగా కుదిరినవాడికి ఆ పని అప్పగించడమే తప్ప, కుక్కల గుంపును వదలడం కాదు.

ఇక మా ఇంటి సంగతి. పల్చటి కోళ్ల వలను నక్క పళ్లతో తెంపగలదని తెలిశాక, గట్టి ఇనుప మెష్ బిగించి, తవ్వకుండా దాన్ని నేల మీద కూడా రెండడుగుల మేర బయటికి పరిచాను. నాలుగేళ్లయింది, వాన కురిసిన మరునాడు ఆ మెష్ అంచు వెంబడి బురదలో నక్క అడుగులు కనిపిస్తూనే ఉంటాయి, ఒక్క కోడి కూడా పోలేదు.