అందరికీ సాయం చేస్తున్నా మనసుకు సుఖం లేదెందుకు?

ప్రశ్న: నా వయసు 48. మా అత్తగారికి పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నారు. ఆవిడ పనులన్నీ నేనే చూస్తాను. అపార్ట్‌మెంట్‌లో ఎవరికి ఏ అవసరమొచ్చినా నాకే ఫోన్ చేస్తారు, కాదనలేను. ఏడాదిగా నీరసం, తలనొప్పి. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. చిన్న మాటకే పిల్లల మీద విరుచుకుపడుతున్నాను. ఇతరులకు సాయం చేస్తే మనసుకు, గుండెకు మంచిదని చదివాను. మరి నాకెందుకిలా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సలహా: మీరు చదివింది నిజమేనమ్మా. అమెరికాలోని మిషిగన్‌లో 423 వృద్ధ జంటలను అయిదేళ్లపాటు గమనించి, 2003లో ఫలితాలు ప్రకటించారు. ఇతరులకు తోడ్పడేవారిలో ఆ కాలంలో మరణాలు తక్కువగా కనిపించాయి. ఒంట్లో బాగున్నవాళ్లే సాయం చేయగలరు కదా అనుకోవచ్చు. వారి ఆరోగ్య స్థితిని లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా నిలిచింది. 2016లో వచ్చిన మరో చిన్న అధ్యయనంలో, బీపీ ఉన్న పెద్దవాళ్లకు కొంత డబ్బిచ్చి ఖర్చు పెట్టమన్నారు. తమకోసం వాడుకున్నవారికంటే ఇతరులకోసం వాడినవారి బీపీ తగ్గింది. అలాగని మాత్రలు మానేయమని ఎవరికీ చెప్పను.

మీ సమస్యకు జవాబు మాత్రం ఇంకోచోట ఉంది. రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన నెటా వైన్‌స్టైన్, రిచర్డ్ రయాన్ 2010లో ప్రచురించిన పరిశోధనలో విద్యార్థుల చేత రోజూ డైరీ రాయించారు. ఇవాళ ఎవరికైనా సాయపడ్డారా, ఎందుకు చేశారు అని అడిగారు. తమకు చేయాలనిపించి చేసిన రోజున వాళ్లలో హుషారు పెరిగింది. తప్పక, మొహమాటానికి చేసిన రోజున ఆ లాభం కనిపించలేదు. పని అదే కావచ్చు, చేసే మనసు వేరు. మన ఇళ్లలో ఆడవాళ్ల నెత్తిన పడే చాకిరీలో చాలా భాగం ‘మంచి మనిషి’ అన్న పేరుతోనే పడుతుంది. ఆ పేరు పోతుందేమోనన్న టెన్షన్‌తో చేసే పని ఒంటికి మేలు చేయదు.

ఈసారి ఫోన్ మోగినప్పుడు మిమ్మల్ని మీరు గమనించండి. నోరు ‘వస్తున్నా’ అంటుంటే దవడ, భుజాలు బిగుసుకుంటున్నాయా? అయితే వెంటనే ఒప్పుకోకుండా, ‘చూసుకుని కాసేపట్లో చెబుతాను’ అనండి. ఆ కాసేపూ ఆలోచించుకుంటే చాలా వాటికి కుదరదని చెప్పగలుగుతారు. మీకు ఇష్టమైన సాయం ఏదైనా ఉంటే దాన్ని వదులుకోవద్దు.

అత్తగారి సంగతి వేరు. అక్కడ కుదరదనడానికి లేదు, కాబట్టి పంచుకోవాలి. పుండ్లు పడకుండా ఆవిడను రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతూ రాత్రంతా మీరే లేస్తుంటే నిద్ర ఎలా పడుతుంది? రాత్రి వంతు మీవారు తీసుకోవాలి. ఆవిడ ఆయన తల్లే కదా! ఎయిర్ బెడ్ వాడితే ఒంటి మీద పడే ఒత్తిడి కాస్త తగ్గుతుంది, తిప్పడం మాత్రం ఆపకూడదు. వారంలో ఒక పూట ఆడపడుచో, జీతానికి పెట్టుకున్న ఆయమ్మో కూర్చుంటే మీరు బయటికి వెళ్లి రావచ్చు.

ఇక, అన్నీ మనసు మీదికి నెట్టేయడం కూడా నాకు ఇష్టం లేదు. మీ వయసులో రక్తహీనత, థైరాయిడ్ లోపం, నెలసరి ఆగిపోయే ముందు వచ్చే మార్పులు కూడా సరిగ్గా ఇలాగే నీరసాన్ని, చిరాకును తెస్తాయి. ఒకసారి ఫిజీషియన్‌ను కలిసి బీపీ చూపించుకోండి. హీమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్, బీ12 పరీక్షలు చేయించుకోండి. రెండు వారాలకు మించి రోజూ దిగులుగా ఉండి, ఏ పని మీదా ఆసక్తి లేకపోతే అది డిప్రెషన్ కావచ్చు, సైకియాట్రిస్టును కలవాలి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.