కారు మైలేజీ అంకె చూసి ఎక్కువ డబ్బు పెట్టొచ్చా?

ఏసీకి, ఫ్రిజ్‌కి స్టార్లు చూసినట్టే కారుకూ చూడొచ్చా, మైలేజీ ఎక్కువని లక్ష అదనంగా పెట్టొచ్చా అని అడిగారు. మా బావగారు కారు కొన్నప్పుడు విజయవాడలో షోరూములన్నీ ఆయనతో పాటు తిరిగాను కాబట్టి చెబుతున్నాను.

ముందుగా, కార్ల గురించి మీరు వినే 5 స్టార్లు మైలేజీవి కావు. అవి 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ అనే కారు భద్రతా పరీక్షలో ఇచ్చేవి. యాక్సిడెంట్ అయితే లోపలున్న వాళ్లకు ఎంత రక్షణ ఉంటుందో చెబుతాయి. ఏసీ మీద బీఈఈ (ఇంధన పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వేసే స్టార్లు వేరు, అవి కరెంటు పొదుపు గురించి. మా అక్క కూడా ఒక బండిని చూసి "5 స్టార్ కదా, పెట్రోలు తక్కువే తాగుతుంది" అంది. చాలామంది అలాగే అనుకుంటున్నారు.

ఇక మైలేజీ. సేల్స్ అబ్బాయి లీటరుకు 20 ఇచ్చేదీ, 25 ఇచ్చేదీ పక్కపక్కన చూపించి "ఐదు తేడా సార్" అన్నాడు. వినడానికి ఎంతో అనిపిస్తుంది. నెలకు 1000 కిలోమీటర్లు తిరిగితే మొదటిదానికి 50 లీటర్లు, రెండోదానికి 40. మిగిలేది 10 లీటర్లు. అదే 12 ఇచ్చే బండి బదులు 15 ఇచ్చేది కొంటే తేడా మూడే, కానీ 16 లీటర్ల పైనే మిగులుతుంది! యూరప్‌లో చాలాచోట్ల లేబుళ్ల మీద 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లో రాస్తారు. కొనేవాడికి నిజంగా పనికొచ్చే లెక్క అదే, మన దగ్గరా అలాగే రాయాలని నా గట్టి అభిప్రాయం.

లీటరు 110 రూపాయలు అనుకుంటే 10 లీటర్లంటే నెలకు 1100. మీరు అదనంగా పెట్టే లక్ష తిరిగి రావడానికి ఏడున్నరేళ్లు! బావగారు రోజూ గుంటూరు వెళ్లొస్తారు, నెలకు రెండు వేల కిలోమీటర్లకు తగ్గదు. ఆయనకు నాలుగేళ్లలోపే వచ్చేస్తుంది, అందుకే 25 దే తీసుకున్నారు. ఆదివారాలు మాత్రమే బండి తీసేవాళ్లకు ఆ లక్ష దండగ.

ఇంకో మాట. కంపెనీ చెప్పే ఆ మైలేజీ అంకె ల్యాబులో, రోలర్ల మీద, ఏసీ ఆపి తేల్చింది. మే నెల ఎండలో ఏసీ వేసుకుని బెంజ్ సర్కిల్ దగ్గర ఆగుతూ కదులుతూ వెళ్తుంటే అంత రాదు. రెండు బండ్లను పోల్చుకోవడానికి వాడుకోండి, నెల ఖర్చుకు మాత్రం మైలేజీని కాస్త తగ్గించి లెక్క వేసుకోండి. మీరు చూస్తున్న మోడళ్లు, నెలకు తిరిగే దూరం ఇక్కడ రాస్తే నేనే లెక్క కట్టి చెబుతాను.