సాఫ్ట్‌వేర్ కొన్నారు, పని మాత్రం పాత గ్రూపులోనే నడుస్తోంది: ఇప్పుడేం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. కంపెనీని డిజిటల్‌గా మార్చాలని అందరూ కలిసి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఒకటి తెచ్చారు. మూడు నెలలైనా ఎవరూ దాన్ని తెరవట్లేదు, మళ్లీ ఫోన్లూ వాట్సాప్ గ్రూపే. ఇంకోసారి ట్రైనింగ్ ఇప్పించాలా, వేరే సాఫ్ట్‌వేర్‌కు మారాలా అని అడిగారు. నా మాట వింటే ప్రస్తుతానికి రెండూ వద్దు. మేమూ ఇదే గుంటలో పడ్డాం, బయటికి రావడానికి ఏడాదిన్నర పట్టింది.

నేను పనిచేసేది మెషిన్ విడిభాగాలు తయారుచేసే కంపెనీలో. 60 మంది దాకా ఉంటాం. నా పని ప్లానింగ్. పేరుకు ప్లానింగే గానీ, అప్పట్లో రోజంతా చేసింది "ఎక్కడిదాకా వచ్చింది?" అని ఒకరిని అడిగి ఇంకొకరికి చెప్పడమే.

మొదటి ప్రయత్నం ఘనంగా జరిగింది. ప్రొజెక్టర్ పెట్టి రెండు గంటల ట్రైనింగ్, అందరికీ లాగిన్లు. ఒక్కరోజులో 14 ఛానెల్స్, అంటే విషయానికొక చర్చా గది లాంటివి, తెరిచాం. తెరిచింది నేనే లెండి. విభాగానికొకటి, ప్రాజెక్టుకొకటి, చివరికి సరదా కబుర్లకు కూడా ఒకటి. ఆర్డర్‌కొక కార్డు చొప్పున పని ఎక్కడిదాకా వచ్చిందో చూపే బోర్డు కూడా అందులోనే పెట్టాం. మొదటి వారం అందరూ మెసేజ్‌లకు థంబ్స్-అప్ గుర్తులు పెట్టారు. రెండో వారానికి అందులో నేనొక్కడినే మాట్లాడుతున్నాను. నెల తిరిగేసరికి అన్నీ ఖాళీ. "మనవాళ్లకు మార్పు ఇష్టం ఉండదు" అని పైవాళ్లు తేల్చేశారు, నేనూ తలూపాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అదే మనుషులు ఫోన్‌లో టికెట్లు బుక్ చేసుకోవడం, బ్యాంకు పనులు చూసుకోవడం ఏ ట్రైనింగూ లేకుండానే నేర్చుకున్నారు కదా.

అసలు సంగతి షాప్ ఫ్లోర్ సూపర్‌వైజర్ గారు చెప్పారు. "చూడండి, మెషిన్ దగ్గర జాబ్ కార్డు, అంటే చేసిన పని వివరాల కాగితం, రాస్తాను. అదే మళ్లీ మీ బోర్డులో ఎక్కించాలి. సాయంత్రం 6 గంటలకు అదే రిపోర్టుగా మెయిల్ చేయాలి. ఈలోపు సార్ ఫోన్ చేసి అదే అడుగుతారు. ఒకే ముక్క నాలుగుసార్లు. మీ బోర్డు వల్ల నాకు తగ్గిన పని ఒక్కటి చూపించండి, రేపటినుంచే వాడతాను." నా దగ్గర సమాధానం లేదు.

ఇది మా ఒక్కరి గొడవ కాదని తర్వాత తెలిసింది. నలుగురూ కలిసి వాడాల్సిన సాఫ్ట్‌వేర్లు ఎందుకు మూలన పడతాయో జొనాథన్ గ్రూడిన్ అనే పరిశోధకుడు 1988లోనే రాశాడు. ఆయన చూపిన ముఖ్య కారణం, శ్రమ ఒకరిదీ లాభం ఇంకొకరిదీ కావడం. అందరి క్యాలెండర్లూ చూసి మీటింగ్‌కు టైమ్ కుదిర్చే సదుపాయాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. సుఖం మీటింగ్ పెట్టే మేనేజర్‌కు. దానికోసం మిగతావాళ్లంతా తమ క్యాలెండర్లు నింపుకుంటూ కూర్చోవాలి. క్యాలెండర్ బదులు బోర్డు అనుకుంటే అచ్చం మా కథే. బోర్డు చూసి సంతోషించేది ఎండీ గారు, నేను. నింపేది సూపర్‌వైజర్, స్టోర్స్, డిస్పాచ్.

అందుకని రెండోసారి సాఫ్ట్‌వేర్ జోలికి పోకుండా 6 గంటల రిపోర్టు మీద పడ్డాను. అది రద్దు చేయమని ఎండీ గారిని ఒప్పించడానికి రెండు వారాలు పట్టింది. "అది రాకపోతే నాకు టెన్షన్" అన్నారు. ఉన్నమాటే చెప్పారు. ఒక నెలపాటు బోర్డు చూసి ఆ రిపోర్టు నేనే తయారుచేసి పంపిస్తాను, మిగతావాళ్లను అడగొద్దు అన్నాను. మూడో వారానికి ఆయనే నేరుగా బోర్డు తెరవడం మొదలుపెట్టారు, నేను పంపేలోపే అన్నీ తెలిసిపోతున్నాయి కాబట్టి. సోమవారం రివ్యూ మీటింగ్ కూడా మార్చాం. కార్డులు అప్‌డేట్ చేసినవాళ్లు రానక్కర్లేదు, ఆగిపోయిన పనులున్నవాళ్లు వస్తే చాలు. గంటన్నర మీటింగ్ తప్పించుకోవడానికి రెండు నిమిషాలు టైప్ చేయడం ఎవరికి కష్టం? ఎన్ని ట్రైనింగులు పెట్టినా రాని కదలిక దీంతో వచ్చింది.

ఛానెల్స్ 14 నుంచి 3కు దించాను. పని మొదలుపెట్టింది కూడా ఒక్క బాధతోనే, డ్రాయింగ్ రివిజన్లు, అంటే విడిభాగం కొలతల డ్రాయింగ్‌లో వచ్చే మార్పులు. అంతకుముందు జరిగిన నష్టం ఒకటి చెప్పాలి. కస్టమర్ ఒక రంధ్రం సైజు తగ్గిస్తూ కొత్త డ్రాయింగ్ పంపాడు. అది గ్రూపులోకైతే వచ్చింది, దాని వెనకే ఎవరిదో పుట్టినరోజు, 40 శుభాకాంక్షలు. షాప్ ఫ్లోర్‌లో ఫోన్‌లో దిగి ఉన్నది పాత డ్రాయింగ్. బ్యాచ్ మొత్తం పాత సైజుకే కొట్టేశారు. చిన్న రంధ్రాన్ని పెద్దది చేయొచ్చు, పెద్దదాన్ని చిన్నది చేయలేం కదా, అంతా స్క్రాప్. తప్పు ఎవరిదని రెండు రోజులు వాదించుకున్నాం. గ్రూపులో పెట్టానని డిజైన్ వాళ్లు, నాకు కనబడలేదని ఫ్లోర్ వాళ్లు. ఇద్దరూ చెప్పింది నిజమే.

ఇప్పుడు డ్రాయింగ్ ఫైలు ఎవరికీ పంపం. ఆర్డర్ కార్డులో లింక్ ఉంటుంది, తెరిస్తే ఎప్పుడూ తాజా రివిజనే వస్తుంది, పాతవి వేరే ఫోల్డర్‌లోకి పోతాయి. మెషిన్ల దగ్గర గోడకు ఒక ట్యాబ్లెట్ బిగించాం, ఎవరి ఫోనూ తీయక్కర్లేదు. టైపింగ్ రానివాళ్లు ఫొటో పెడతారు లేదా తెలుగులో మాట్లాడి రికార్డు చేస్తారు. వాయిస్ మెసేజ్‌లో మాటలు తర్వాత వెతికినా దొరకవు, నిజమే. కానీ రాయమని పట్టుబడితే అసలేమీ రాదు.

పాత గ్రూపును మాత్రం నిషేధించకండి. మేం ఒకసారి నిషేధిస్తే రెండు రోజుల్లో మేనేజర్లు లేని కొత్త గ్రూపు పుట్టింది. దానికి బదులు ఎండీ గారు ఒక అలవాటు చేసుకున్నారు. గ్రూపులో ఆర్డర్ గురించి ఏది అడిగినా "కార్డులో అడగండి, అక్కడ చెప్తాను" అనేవారు. జవాబు ఎక్కడ దొరికితే జనం అక్కడికే వెళ్తారు. మొదట్లో ఆయనే మరిచిపోయి ఫోన్లో ఆర్డర్లు మార్చేసేవారు. అప్పుడు ఫోన్ ఎత్తినవాళ్లు ఆ మార్పును కార్డులో రెండు ముక్కలు రాసి ఆయన్ని ట్యాగ్ చేయాలని పెట్టుకున్నాం. పెద్దాయనకు చెప్పడం కాస్త ఇబ్బందే. ఆ సంభాషణ తప్పించుకుంటే మిగతాదంతా దండగ.

ఇప్పటికీ కుదరనివి ఉన్నాయి. స్టోర్స్‌లో పెద్దాయన రిజిస్టర్ వదల్లేదు, నేనూ అడగడం మానేశాను. ఆడిట్‌కు సంతకాలున్న ఆ పుస్తకమే పనికొస్తోంది. నోటిఫికేషన్లు మరీ ఎక్కువైతే జనం మొత్తానికే మ్యూట్ చేస్తారు, ఆ తర్వాత నిజంగా అర్జెంటయింది కూడా చూడరు. అందరినీ ట్యాగ్ చేసే హక్కు ఇద్దరికే ఉంచండి.

ఇక ఏ సాఫ్ట్‌వేర్ అంటే, మీ పరిమాణంలో తేడా పెద్దగా ఉండదని నా అభిప్రాయం. మైక్రోసాఫ్ట్ 365 (వర్డ్, ఎక్సెల్ ఉండే ప్యాకేజీ)కు ఇప్పటికే డబ్బు కడుతుంటే అందులో టీమ్స్ అనే వాళ్ల చాట్, మీటింగ్ యాప్ ఉందేమో ముందు చూసుకోండి, 2024 నుంచి టీమ్స్ లేని ప్లాన్లూ అమ్ముతున్నారు. స్లాక్ అనే ఇలాంటి ఇంకో యాప్ ఉచిత ప్లాన్‌లో 90 రోజుల మెసేజ్‌లే కనిపిస్తాయి, ఏడాది దాటినవి చెరిపేస్తారు. మన పనిలో పోయినేడాది ఆర్డర్ గురించి వెతకాల్సి వస్తుంది కాబట్టి అది ముఖ్యం. కొనేముందు డేటా బయటికి తీసుకునే వీలుందో లేదో అడగండి. మెటా (అప్పట్లో కంపెనీ పేరు ఫేస్‌బుక్) 2016లో ఆఫీసుల కోసం వర్క్‌ప్లేస్ అని తెచ్చింది, 2024లో మూసేస్తున్నామని ప్రకటించింది. అంత పెద్ద కంపెనీవే మూతపడుతున్నాయి.

మీ కంపెనీలో ఒకే సంగతిని మీవాళ్లు రోజుకు ఎన్నిచోట్ల చెప్పాల్సి వస్తోందో ఒక వారం లెక్కపెట్టి ఇక్కడే రాయండి. ముఖ్యంగా సాయంత్రం రిపోర్టులాంటిది ఉందా, అది ఎవరు అడుగుతున్నారు? ఛానెల్స్ ఎన్ని పెట్టాలో దాని తర్వాత చూద్దాం.