తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి టీనేజీ ప్రేమ నవలలు చదువుతుంటే ఆపాలా?

మీ అమ్మాయి దిండు కింద ఒక ఇంగ్లీషు ప్రేమ నవల దొరికిందని, దాన్ని తీసి దాచేయాలో, చూడనట్టు ఊరుకోవాలో తెలియడం లేదని రాశారు. ఆ రెండూ వద్దండీ. ముందు ఆ పుస్తకాన్ని మీరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవండి. ఇంత గట్టిగా చెబుతున్నానంటే, మూడేళ్ళ క్రితం బెంగళూరులో మా ఇంట్లో ఇదే జరిగినప్పుడు నేను పుస్తకం దాచేశాను, ఆ తరువాత చాలా రోజులు మా అమ్మాయి నాతో అవసరానికి మించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

మాది ఒంగోలు. పెళ్ళయ్యాక మారతహళ్ళిలో స్థిరపడ్డాం, అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. అప్పటికి తనకు 14 ఏళ్ళు. పరీక్షల ముందు లెక్కల పుస్తకంలో దాచుకుని ఏదో చదువుతుంటే లాక్కున్నాను. అట్ట మీద హెడ్‌ఫోన్లు పెట్టుకున్న అబ్బాయి, అమ్మాయి వెనక నుంచి కనిపిస్తున్న బొమ్మ ఉంది. అంతకన్నా ఏమీ చూడకుండా బీరువాలో పట్టుచీరల కింద పెట్టి తాళం వేశాను. కొన్నాళ్ళకు ఒక పెళ్ళికి చీర తీస్తుంటే మళ్ళీ చేతికి తగిలింది. ఆ రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో కూర్చుని చదవడం మొదలుపెట్టాను.

అది రెయిన్‌బో రోవెల్ రాసిన ‘ఎలనోర్ అండ్ పార్క్’. 1986లో అమెరికాలోని ఒమాహా నగరంలో, స్కూలు బస్సులో పక్కపక్క సీట్లలో కూర్చోవలసి వచ్చిన ఇద్దరు పిల్లల కథ. అమ్మాయి కాస్త లావు, జుట్టు ఎర్రగా ఉంటుంది, మగపిల్లల చొక్కాలు వేసుకుంటుంది, ఇంట్లో సవతి తండ్రికి భయపడుతూ బతుకుతుంది. అబ్బాయి తల్లిది కొరియా, తండ్రి అమెరికన్. మొదట్లో ఇద్దరూ మాట్లాడుకోరు. తన చేతిలోని కామిక్స్‌ను ఆమె పక్క నుంచి చదువుతోందని గమనించిన ఆ అబ్బాయి, ఏమీ అనకుండా, ఆమెకు కూడా కనిపించేలా పుస్తకాన్ని ఇంకాస్త తెరిచి పట్టుకుంటాడు. నేను భయపడిన ప్రేమ అక్కడ అలా మొదలవుతుంది. సగానికి వచ్చేసరికి నా భయమంతా ఆ సవతి తండ్రి ఇంట్లో ఆ పిల్ల ఏమైపోతుందోననే వైపుకు మళ్ళింది.

నన్ను ఆపేసింది మాత్రం ఒక పెన్సిల్ గీత. ముద్దు పెట్టుకునే పేజీలలో మా అమ్మాయి ఎక్కడా గీత పెట్టలేదు. తనలాంటి ముఖం దాదాపు కనిపించని ఊళ్ళో పెరుగుతున్న ఆ అబ్బాయి తన రూపాన్ని గురించి ఆలోచించుకునే చోట, పేజీ అంచున, సన్నగా నిలువు గీత ఉంది. మరునాడు పుస్తకం తిరిగి ఇచ్చి, లాక్కున్నందుకు క్షమించమని అడిగి, “ఇక్కడ గీత ఎందుకు పెట్టావు తల్లీ?” అన్నాను. చాలాసేపటికి చెప్పింది: “స్కూల్లో నన్ను తెలుగమ్మాయి అంటారు. ఒంగోలు వెళితే అమ్మమ్మ వాళ్ళ వీధిలో బెంగళూరు పిల్ల అంటారు. నాకు తెలుగు చదవడం రాదు. కన్నడం మార్కుల కోసం చదువుతున్నాను. నీది ఏ ఊరు అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదమ్మా.”

ఇంట్లో అన్నం పెడుతూ, ట్యూషన్‌కు పంపుతూ, ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకాలు పెడుతూ ఇన్నేళ్ళు గడిపిన నాకు ఈ బాధ ఒకటి ఉందని ఆ నవల చెప్పేదాకా తెలియలేదు. అట్ట మీది ప్రేమ పెద్దవాళ్ళ కంట పడినంత తొందరగా లోపలున్న ‘నేను ఎవరిని’ అనే ప్రశ్న కంట పడదు, పిల్లలు వెతుక్కునేది చాలాసార్లు దాన్నే. 1967లో వచ్చిన ‘ది అవుట్‌సైడర్స్’ ఈ తరహా నవలలకు దారి వేసిన పుస్తకాల్లో ఒకటి. రచయిత్రి ఎస్.ఇ. హింటన్ దాన్ని 15 ఏళ్ళ వయసులో రాయడం మొదలుపెట్టారు, అచ్చయ్యేనాటికి ఆమెకు 18 ఏళ్ళు. అందులో ముఖ్యమైనది ప్రేమకథ కాదు, పేద పిల్లలకూ డబ్బున్న పిల్లలకూ మధ్య తగవుల్లో తానెవరో తేల్చుకోలేని ఒక కుర్రవాడి గొంతు ముఖ్యం. మన భాషలో ఈ వయసు వాళ్ళ కోసమే రాసిన నవలలు చాలా తక్కువ. నా తరం వాళ్ళం చందమామ కథలు వదిలి నేరుగా వారపత్రికల సీరియల్ నవలల్లోకి వెళ్ళిపోయాం, వాటిలో నాయికలందరూ ఉద్యోగానికో పెళ్ళికో వచ్చినవాళ్ళే. పదిహేనేళ్ళ పిల్ల మనసు ఎలా ఉంటుందో మాకు ఎవరూ రాసి చూపలేదు. ఆ లోటు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

అయితే ఏదైనా చదవనివ్వమని నేను చెప్పడం లేదు. బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లోని పాత పుస్తకాల షాపులకు అమ్మాయితో పాటు వెళ్ళడం మొదలుపెట్టాక నాకు అర్థమైనదేమిటంటే, ఈ మధ్య పెద్దల కోసం రాసే ప్రేమ నవలలకు కూడా రంగురంగుల కార్టూన్ బొమ్మల అట్టలు వేస్తున్నారు. టీనేజీ నవలల పక్కనే పెడితే రెంటికీ తేడా తెలియదు. ముఖ్య పాత్రల వయసెంతో వెనక అట్ట మీద చూడండి. ఇరవై దాటి, ఆఫీసులో పని చేస్తున్నారంటే అది సాధారణంగా ఈ వయసు వాళ్ళ కోసం రాసింది కాదు. మరొక మాట, అమెరికా నవలల్లో 16 ఏళ్ళ పిల్లలు తీసుకునే స్వేచ్ఛ గురించి చదివినప్పుడు మన దేశంలో పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 లోపు వాళ్ళందరూ పిల్లలేనని, ఇద్దరికీ ఇష్టమున్నా శారీరక సంబంధం కేసు కావచ్చునని నేను మా అమ్మాయికి సిగ్గుపడకుండా చెప్పాను. పాత్రల గురించి మాట్లాడుతున్నాం కాబట్టి తను కూడా సిగ్గుపడకుండా వింది.

మన దేశపు పిల్లల కథ కావాలంటే హిమాంజలి శంకర్ రాసిన ‘టాకింగ్ ఆఫ్ ముస్కాన్’ (2014) ఉంది. అమ్మాయిల పట్ల ఆకర్షణ ఉన్న ఒక విద్యార్థినిని తోటి పిల్లలు ఎలా చూశారో ఆమె క్లాస్‌మేట్లే ముగ్గురు చెబుతారు. కథ ఆమె ఆత్మహత్యాయత్నంతో మొదలవుతుంది కనుక మీ అమ్మాయిని ఒంటరిగా చదవనివ్వకండి, మీరు కూడా అదే వారంలో చదవండి. మేము అలాగే చదివాం. “ఇలా ఉండడం నేరమా?” అని మా అమ్మాయి అడిగింది. ఆ పుస్తకం వచ్చిన నాలుగేళ్ళకు, 2018 సెప్టెంబరు 6న, 18 దాటిన ఇద్దరు ఆడవాళ్ళో ఇద్దరు మగవాళ్ళో ఇష్టపడి కలిసి ఉండడం నేరం కాదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిందని చెప్పాను. తన క్లాసులో ఒకరిని అందరూ ఏడిపిస్తున్నారని ఆ రోజే నాకు తెలిసింది.

మీ అమ్మాయి దిండు కింద దొరికిన పుస్తకం పేరు మీరు రాయలేదు. రాయండి, నేను చదివినదైతే అందులో ఏముందో వివరంగా చెబుతాను. ఈలోగా దాన్ని దొరికిన చోటే పెట్టేసి, మీ కోసం మరో ప్రతి తెచ్చుకోండి.