మెస్త్రేలో దిగొద్దు

చిట్టీ,

రోము, ఫ్లోరెన్సు, వెనిస్. పది రోజులు, అదీ ఒక్కదానివేనట! మీ అమ్మ ఫోన్లో ఏడుపు గొంతుతో చెప్పింది. నేనేమో మా పిల్ల ఇటలీ వెళ్తోందని పక్కింటావిడ దగ్గర గొప్పలు పోయాను. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు.

వీసాకి 30,000 యూరోల ఇన్సూరెన్స్ కావాలని నీకు తెలిసే ఉంటుంది. వాటికన్ మ్యూజియం నెలలో ఆఖరిది తప్ప మిగతా ఆదివారాలు తెరవరు. సెయింట్ పీటర్స్ చర్చికి భుజాలూ మోకాళ్లూ కప్పుకుని వెళ్లాలి, ఓ చున్నీ బ్యాగులో పడెయ్. రోములో వీధి కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు. లోకల్ రైలుకి కాగితం టికెట్ కొంటే ఎక్కేముందే స్టేషన్లో మెషీన్‌లో పెట్టి ముద్ర వేసుకో, లేకపోతే టికెట్టున్నా జరిమానా.

ఇక అసలు సంగతి. వెనిస్‌కి పెద్ద స్టేషన్లు రెండు. మెస్త్రే గట్టు మీద, సాంతా లూచియా నీళ్ల మధ్య. రెండు బోర్డుల మీదా ముందు 'వెనీజియా' అనే ఉంటుంది. 2009లో ఆ ముక్క చూడగానే నేను ముందూ వెనకా చూడకుండా దిగిపోయాను. మీ పెదనాన్న పైనున్న పెట్టె దింపుతున్నారు. ఈలోగా రైలు తలుపులు మూసుకుపోయాయి. అద్దంలోంచి చెయ్యి ఊపుతున్నారు, ఆగమంటున్నారో ఎక్కమంటున్నారో అర్థం కాలేదు. ఇద్దరి పాస్‌పోర్టులూ, డబ్బూ, టికెట్లూ, ఉన్న ఒక్క ఫోనూ ఆయన నడుం సంచిలో. నా చేతిలో చేగోడీల సంచి!

ఒక్క ముక్క భాష రాదు. గంటసేపు బెంచీ మీంచి కదల్లేదు, కదిలితే ఆయనకి కనపడనేమోనని. చివరికి ఎదుటి ప్లాట్‌ఫారం మీద దిగి, మెట్లెక్కి దిగి, ఆయాసపడుతూ వచ్చారు. తిడతారనుకున్నా. పక్కన కూర్చుని సంచిలోంచి ఓ చేగోడీ తీసుకున్నారు. అప్పుడు ఏడ్చాను.

ఇది రాస్తుంటే వెనకనుంచి చదివి, "నేను అరిచాను, మీ పెద్దమ్మే వినలేదు" అంటున్నారు. ఇన్నేళ్లయినా అదే మాట.

అందుకే, నీ పాస్‌పోర్టు నీ ఒంటిమీదే ఉండాలి. అక్కడ ఎవరైనా స్నేహితురాలు కలిసినా సరే, దాని బ్యాగులో పెట్టావో, ఊరుకోను. కొంచెం డబ్బు వేరే జేబులో ఉంచుకో. హోటల్ అడ్రసు కాగితం మీద రాసుకో, ఫోన్ ఛార్జింగ్ అయిపోయిందని ఏడవకుండా.

మెస్త్రే దాటాక నీళ్ల మీద పొడుగాటి వంతెన వస్తుంది. అది దాటేదాకా సీట్లోంచి లేవకు. లూచియా బయట మెట్ల కిందే కాలువ. అక్కడ నిలబడి ఫోన్ చెయ్. ఇక్కడ ఎంత రాత్రయినా మెలకువగానే ఉంటాను.

మీ పెద్దమ్మ