గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు... నోరు పెగలదు, ఒళ్లు కదలదు! ఏమిటిది డాక్టర్?

ప్రశ్న: నా వయసు 25. గ్రూప్-2కి ప్రిపేర్ అవుతూ హైదరాబాద్ అశోక్‌నగర్‌లో స్నేహితుడితో కలిసి రూమ్‌లో ఉంటున్నాను. రాత్రి రెండు, రెండున్నర దాకా చదివి ఆరున్నరకల్లా లేస్తాను. మధ్యాహ్నం స్టడీ హాల్ నుంచి వచ్చి గంటో రెండు గంటలో పడుకుంటాను. మూడు నెలలుగా ఒక సమస్య వేధిస్తోంది. తెల్లవారుజామున మెలకువ వస్తుంది. తిరిగే ఫ్యాన్, పక్క మంచం మీద స్నేహితుడు, అన్నీ కనిపిస్తుంటాయి. కానీ కాలూ చేయీ కదలవు. అరుద్దామంటే గొంతు రాదు. ఎవరో గుండెల మీద కూర్చుని ఊపిరాడనివ్వనట్టు ఉంటుంది. రెండుసార్లు తలుపు దగ్గర నల్లటి ఆకారం కనిపించింది. అమ్మకు చెబితే తాయెత్తు కట్టించింది. స్నేహితుడేమో సైకియాట్రిస్ట్‌కి చూపించుకోమంటున్నాడు. నాకు పిచ్చి పడుతోందా? పక్షవాతం వస్తుందా? పడుకోవాలంటేనే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పిచ్చీ కాదు, పక్షవాతమూ కాదు. మీరు రాసిన లక్షణాలు స్లీప్ పెరాలిసిస్‌కి సరిగ్గా సరిపోతున్నాయి. నిద్రలోకి జారుకునేటప్పుడు గానీ, నిద్రలోంచి బయటికి వచ్చేటప్పుడు గానీ కొన్ని సెకన్ల నుంచి కొద్ది నిమిషాల వరకు ఒళ్లు స్వాధీనంలో లేకుండా పోతుంది. తర్వాత దానంతట అదే వదిలేస్తుంది. ప్రాణానికి ముప్పు లేదు, కాలో చేయో పడిపోవడమూ ఉండదు. పైగా ఇది చాలామందికి వచ్చేదే. అప్పటిదాకా వచ్చిన 35 అధ్యయనాలను 2011లో ఒకచోట చేర్చి లెక్క చూస్తే, మామూలు జనంలో నూటికి ఎనిమిది మందికి, విద్యార్థుల్లో నూటికి 28 మందికి జీవితంలో ఒక్కసారైనా ఇది వచ్చిందని తేలింది. మీ స్టడీ హాల్లో అడిగి చూడండి, ఎవరికీ చెప్పుకోలేక ఊరుకున్నవాళ్లు కొందరు బయటపడతారు.

అసలు ఏం జరుగుతోందో తెలిస్తే సగం భయం పోతుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మన నిద్ర రాత్రంతా ఒకే తీరుగా సాగదు. దాదాపు గంటన్నరకోసారి రెమ్ నిద్ర అనే దశ వచ్చి పోతుంటుంది. ఆ సమయంలో మూసిన రెప్పల కింద కనుగుడ్లు చకచకా కదులుతుంటాయి. షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ అనే ఇద్దరు దీన్ని గుర్తించి 1953లో ప్రకటించారు. కథలా సాగే కలలు ఎక్కువగా ఈ దశలోనే వస్తాయి. మెదడు అప్పుడు దాదాపు మెలకువలో ఉన్నంత చురుగ్గా ఉంటుంది. మరి కలలో పరిగెత్తుతుంటే మంచం మీద కాళ్లెందుకు ఆడవు? మెదడు అడుగుభాగమైన బ్రెయిన్ స్టెమ్ నుంచి వెన్నుపాముకి సంకేతాలు వెళ్లి, కండరాలను కదిలించే నరాలను ఆ కాసేపూ అణచిపెడతాయి కాబట్టి. ఒంటికి రాత్రిపూట పడే తాళం లాంటిది ఇది. కళ్లను తిప్పే కండరాలకూ, ఊపిరి ఆడించే డయాఫ్రమ్‌కూ మాత్రం మినహాయింపు.

ఆ తాళం పడకపోతే ఏమవుతుందో ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో మిషెల్ జూవే అనే శాస్త్రవేత్త పిల్లుల మీద చూపించాడు. బ్రెయిన్ స్టెమ్‌లో చిన్న భాగాన్ని దెబ్బతీస్తే, పిల్లులు నిద్రలోనే లేచి నిలబడి, ఎదురుగా లేని ఎలక మీదికి దూకినట్టు దూకేవి. మన మంచిని కోరే ఈ ఏర్పాటే మిమ్మల్ని భయపెడుతోంది. మామూలుగా కల ముగిసి మెలకువ వచ్చేలోపే కండరాలకు పట్టు తిరిగి వస్తుంది. మీ విషయంలో తెలివి ముందొస్తోంది, తాళం ఆలస్యంగా ఊడుతోంది. ఆ కొద్ది సేపూ మీరు మెలకువలోనూ ఉంటారు, కలలోనూ ఉంటారు. ఫ్యాన్ నిజం, పక్క మంచం మీది స్నేహితుడు నిజం. తలుపు దగ్గరి ఆకారం ఇంకా పూర్తిగా ముగియని కలలోది.

గుండెల మీద బరువు సంగతికొస్తే, రెమ్ నిద్రలో ఛాతీ కండరాలు కూడా సడలి ఉంటాయి. డయాఫ్రమ్ ఒక్కటే ఊపిరిని నడిపిస్తుంది. ప్రాణానికి అది చాలు. కానీ మీరు భయపడి గట్టిగా ఊపిరి పీల్చబోతారు. ఛాతీ మాట వినదు. పైనుంచి ఎవరో నొక్కుతున్నారనిపించడానికి అంతకంటే ఏం కావాలి? మీకు ఆక్సిజన్ తగ్గిపోవడం లేదు, ఆ నిమిషంలో ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

నల్లటి ఆకారం గురించి నాకు బాగా ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. 2006లో స్విట్జర్లాండ్ వైద్యులు ఒక మూర్ఛ రోగికి ఆపరేషన్‌కి ముందు పరీక్షలు చేస్తూ, మెదడులో ఎడమవైపు చెవికి పైన, కాస్త వెనకగా ఉండే ఒక చోట కొద్దిగా విద్యుత్తు ఇచ్చారు. వెంటనే ఆవిడకు తన వెనక ఎవరో మనిషి ఉన్నట్టు అనిపించింది. ఆవిడ కూర్చుంటే ఆ నీడ మనిషీ కూర్చున్నాడు. కరెంటు ఆపితే మాయం. మన ఒంటి హద్దులు ఎక్కడిదాకానో లెక్కగట్టే భాగం అది. ఆ లెక్క తప్పితే మన ఉనికే మరో మనిషిలా అనిపించగలదు. స్లీప్ పెరాలిసిస్‌లో కూడా ఇలాంటిదే జరుగుతుండవచ్చు. దీనికి తోడు భయాన్ని రేపే అమిగ్డలా అనే భాగం రెమ్ నిద్రలో చురుగ్గా ఉంటుంది. గదిలో ఎవరో ఉన్నారన్న అనుమానం, దాని వెంటే ప్రాణభయం, రెండూ కలిసి వస్తాయి. కొందరికి ఆకారం బదులు అడుగుల చప్పుడో గుసగుసలో వినిపిస్తాయి. ఇంకొందరు గాలిలో తేలుతూ పై నుంచి తమను తామే చూసుకున్నామని చెబుతారు.

ఆ ఆకారం ఎవరన్నది మాత్రం ఊరిని బట్టి మారుతుంది. మన పల్లెల్లో దయ్యం తొక్కిందంటారు. జపాన్‌లో దీన్ని కనషిబరి అంటారు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ జనానికి ఛాతీ మీద కూర్చునేది ఒక ముసలి మంత్రగత్తె. ఈజిప్టులో చాలామంది జిన్ అని నమ్ముతారు. ఆ ఈజిప్టు వాళ్లనూ, డెన్మార్క్ వాళ్లనూ పోల్చి 2013లో వచ్చిన అధ్యయనం మీకు ఉపయోగపడుతుంది. ఈజిప్టు వాళ్లలో ఇది ఎక్కువ మందికి, ఎక్కువసేపు వస్తోంది, ఆ సమయంలో చచ్చిపోతామన్న భయమూ వాళ్లలోనే ఎక్కువ. భయపడుతూ పడుకుంటే నిద్ర ముక్కలవుతుంది. నిద్ర ముక్కలైతే ఇది మళ్లీ వస్తుంది. మళ్లీ వచ్చినకొద్దీ భయం పెరుగుతుంది. మీరు ఇప్పుడు ఆ చుట్టులోనే తిరుగుతున్నారు.

అందుకే తాయెత్తు గురించి అమ్మతో గొడవ పడకండి. అది కట్టుకుంటే మీకు ధైర్యంగా నిద్రపడుతుందంటే ఉంచుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆంజనేయ దండకం చదువుకుని పడుకున్నా మంచిదే. కానీ భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి, రాత్రుళ్లు జాగారం చేయించి, వేలకు వేలు వదిలించే దాకా వెళ్లనివ్వకండి. ఆ జాగారం ఒక్కటి చాలు మీ సమస్య రెట్టింపు కావడానికి.

అసలు కారణం మీ టైమ్‌టేబుల్‌లోనే ఉంది. రెమ్ నిద్రలో పెద్ద వాటా రాత్రి చివరి భాగంలో, తెల్లవారుజామున వస్తుంది. మీరు నాలుగు గంటలు మాత్రమే పడుకుని లేచిపోతున్నారు కాబట్టి రోజూ ఆ వాటాకి కోత పడుతోంది. కోత పడిన మెదడు అవకాశం దొరకగానే నేరుగా రెమ్‌లోకి దూకుతుంది. మధ్యాహ్నపు నిద్రలోనూ అదే జరగవచ్చు. నిద్ర మధ్యలో లేపి, కొంతసేపు మెలకువగా ఉంచి మళ్లీ పడుకోనిస్తే కొందరికి ల్యాబ్‌లోనే స్లీప్ పెరాలిసిస్ వచ్చినట్టు జపాన్ పరిశోధకులు 1992లోనే చూపించారు. మీరు మూడు నెలలుగా ఆ ప్రయోగాన్ని మీ మీద మీరే చేసుకుంటున్నారు. నైట్ షిఫ్టుల సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకూ, పసిబిడ్డల తల్లులకూ ఇది రావడం వెనక ఉండేది కూడా ఎక్కువగా ముక్కలైన నిద్రే.

కాబట్టి పుస్తకం పన్నెండుకి మూసేయండి, ఏడింటికి లేవండి. ఆదివారమైనా అదే వేళ. చదువుకి టైమ్ పోతుందని మీరు అంటారని తెలుసు. చదివింది జ్ఞాపకంలో స్థిరపడేది నిద్రలోనే. రెండింటి దాకా చదివి నాలుగు గంటలే పడుకుంటే పాలిటీ, ఎకానమీ చదివిందంతా మళ్లీ మళ్లీ చదవాల్సి వస్తుంది. మధ్యాహ్నం కునుకు కావాలంటే మూడులోపు, అదీ ఇరవై ముప్పై నిమిషాలే. సాయంత్రం నాలుగు దాటాక చాయ్ ఆపండి. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే ఐదారు గంటలు పడుతుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు ఇది ఎక్కువగా వస్తుంది కనుక పక్కకు తిరిగి పడుకోవడం అలవాటు చేసుకోండి. తల ఉత్తరం వైపు పెట్టారా దక్షిణం వైపు పెట్టారా అన్నదానితో దీనికి సంబంధం లేదు.

మందుల షాపులో ఆల్ప్రాజోలం అనే నిద్రమాత కొనుక్కోమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వద్దు. అది అలవాటైపోతుంది, హఠాత్తుగా మానేస్తే అసలు సమస్యకు మించిన భ్రమలు, ఫిట్స్ కూడా రావచ్చు. తెలంగాణలో కల్తీ కల్లుకు అలవాటు పడ్డవాళ్లు ఉన్నట్టుండి మానేసినప్పుడు పడే అవస్థకి కారణం చాలాసార్లు అందులో కలిపే ఇలాంటి మందులే. ఇక మద్యం తాగితే నిద్ర పడుతుందనే మాట. రాత్రి మొదటి భాగంలో ఆల్కహాల్ రెమ్‌ను తొక్కిపెడుతుంది, తెల్లవారేసరికి అది రెట్టించిన బలంతో తిరిగొస్తుంది.

ఇది వచ్చిన క్షణంలో పెనుగులాడకండి. పెనుగులాడితే భయమే పెరుగుతుంది. కళ్లు మీ ఆధీనంలోనే ఉంటాయి కాబట్టి వాటిని అటూ ఇటూ తిప్పండి. ఒక్క బొటనవేలినో నాలుక చివరనో కదిలించడం మీద మనసు పెట్టండి. ‘ఇది రెమ్, నిమిషంలో పోతుంది’ అని లోపల అనుకోండి. ఆ ఆకారాన్ని తేరిపార చూడకండి. మీరు గొణిగినట్టు గానీ, ఊపిరి వేగంగా తీస్తున్నట్టు గానీ వినిపిస్తే భుజం తట్టి లేపమని స్నేహితుడికి చెప్పి ఉంచండి. తెలివొచ్చాక వెంటనే మళ్లీ పడుకుంటే రెండోసారి వచ్చే అవకాశం ఉంది. లేచి కూర్చుని, లైట్ వేసి, నీళ్లు తాగి, కాసేపాగి పడుకోండి.

సైకియాట్రిస్ట్ మాటకొస్తే, ఆకారం నిజం కాదని లేచాక మీకు తెలుస్తోంది కదా, అది మంచి సూచన. పట్టపగలు పూర్తి మెలకువలో మాటలు వినిపించినా, మనుషులు కనిపించినా అప్పుడు తప్పక వెళ్లాలి. భయం వల్ల పడక ఎక్కలేకపోతున్నా వెళ్లండి, అందులో నామోషీ ఏమీ లేదు. మాటల ద్వారా చేసే సీబీటీ చికిత్స దీనికి ఉపయోగపడుతుంది. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉచిత నంబర్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. మరీ తరచుగా వస్తుంటే రెమ్‌ను తగ్గించే కొన్ని డిప్రెషన్ మందులు వాడతాం. మీకు ఇప్పుడే ఆ అవసరం కనిపించడం లేదు.

కొన్ని లక్షణాలుంటే మాత్రం న్యూరాలజిస్ట్‌నో నిద్ర వైద్య నిపుణుడినో కలవాలి. చాలినంత నిద్రపోయినా పగలు ఆపుకోలేని నిద్ర రావడం, గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్లు కూలబడటం ఉంటే నార్కోలెప్సీ అనే నిద్ర జబ్బు కావచ్చు. పెద్ద గురక మధ్యలో ఊపిరి ఆగుతోందని పక్కవాళ్లు చెబితే స్లీప్ ఆప్నియా పరీక్ష చేయించాలి. నాలుక కొరుక్కోవడం, పక్క తడిసిపోవడం ఉంటే ఫిట్స్ అని అనుమానించాలి. లేచాక కూడా ఒకవైపు కాలూ చేయీ పనిచేయకపోతే, మూతి వంకరపోతే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.

ఇది చదివే ఇళ్లలో పెద్దవాళ్లెవరైనా నిద్రలో అరవడం, చేతులు విసరడం, మంచం మీంచి పడటం చేస్తుంటే అది మీ సమస్యకు సరిగ్గా తలకిందులు. అక్కడ తాళమే పడటం లేదు. యాభై దాటినవాళ్లలో అది పార్కిన్సన్స్ జబ్బుకి ఏళ్ల ముందే కనిపించే సంకేతం కావచ్చు కాబట్టి న్యూరాలజిస్ట్‌కి చూపించాలి.

ఈ మార్పులన్నీ నాలుగు వారాలు పాటించండి. అప్పటికీ వారానికోసారి వస్తూనే ఉంటే డాక్టర్‌ని కలవండి. వెళ్లేముందు రెండు వారాల పాటు ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, చాయ్ ఎప్పుడు తాగారు, ఏ రాత్రి ఇది వచ్చింది, ఏ పక్కన పడుకున్నారు అన్నవి ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. ఏవైనా మందులు వాడుతుంటే ఆ చీటీ కూడా.